మీకు తెలుసా? పక్కవాయిద్యం ముందుకొచ్చింది!

రామగిరి కొండల మీద గాలిమరలు చూశారు కదా! గాలి తగిలితే రెక్క తిరుగుతుంది. కరెంటు పుడుతుంది. మరి మన జిల్లాకే వచ్చిపోయిన ఇంకో గాలి సంగతి తెలుసా? అది ఒక మనిషి ఊపిరి! ఇత్తడి గొట్టంలో దూరింది. 1977లో అమెరికా పాప్ పాటల పట్టికలోకే ఎక్కి కూర్చుంది! కాస్త ఇటు జరగండి. చెప్తాను.

ఆయన పేరు మేనార్డ్ ఫెర్గూసన్. కెనడాలో పుట్టారు. వాయించేది ట్రంపెట్. మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం ముందు వరసలో తళతళ మెరుస్తుందే, ఆ ఇత్తడి బూరే! పుట్టపర్తిలో సత్యసాయి విద్యాసంస్థ అబ్బాయిలకు బ్రాస్ బ్యాండు పెట్టించింది ఈయనే! ఊరికే ఒకసారి వచ్చి ఫొటో దిగి పోలేదు. ఏళ్ల తరబడి అండగా నిలిచారు! ఆ విద్యాసంస్థ పుట్టింది 1981లో. హాలీవుడ్ బూర వచ్చి మన పుట్టపర్తి పిల్లలకు పాఠం చెప్పిందన్నమాట!

హాలీవుడ్ అన్నానా? అసలు గుట్టు అక్కడే ఉంది! అక్కడ ఈయన తెర వెనక మనిషి. పారామౌంట్ స్టూడియోలో ఉద్యోగంగా వాయించారు. మూడేళ్లలో 46 సినిమాల నేపథ్య సంగీతంలో ఈయన బూర మోగింది! అందులో 'టెన్ కమాండ్‌మెంట్స్' ఒకటి. సముద్రం రెండుగా చీలుతుందే, ఆ సినిమాయే! జనం సముద్రాన్ని చూశారు. బూర ఎవరిదని అడిగినవాళ్లెవరు?

ఇంకా విచిత్రం వినండి! స్టూడియోతో ఒప్పందం కాబట్టి బయట జాజ్ క్లబ్బుల్లో వాయించకూడదు. కానీ పెదవులు ఊరుకుంటాయా? దొంగపేర్లు పెట్టుకున్నారు! ఒక పేరు 'టైగర్ బ్రౌన్'. ఇంకోటి 'ఫాక్సీ కార్బీ'. 2 పేర్లు! ఒక రాత్రి పులి, ఇంకో రాత్రి నక్క! పేర్లు మార్చారు గానీ ఆ కూత వింటే మనిషి ఎవరో తెలియకుండా ఉంటుందా అని నా అనుమానం.

ఎందుకంటే ఆ కూత అలాంటిది! మామూలు ట్రంపెట్ వాళ్లు పైస్థాయి షడ్జమం పట్టేసరికే ముఖం ఎర్రబడుతుంది. ఈయన దాని మీద ఇంకో స్థాయి ఎక్కేవారు! దాన్ని 'డబుల్ హై సి' అంటారు. ఆ స్వరంలో గాలి సెకనుకు దాదాపు 1,865 సార్లు కంపిస్తుంది! నోటితో ఈల వేసినట్టు తేలిగ్గా, బూరతో!

చిన్నప్పుడే మొదలైంది ఈ పిచ్చి. బడి మానేసినప్పుడు వయసు ఎంతో తెలుసా? 15! మన ఇళ్లలో అయితే తన్నులే! అక్కడ మాత్రం నేరుగా డాన్సు బ్యాండ్లలో ఉద్యోగం!

పక్కవాయిద్యగాడు మరీ బాగా వాయిస్తే ఏమవుతుంది? రికార్డే మూలన పడుతుంది! నమ్మరా? 1949 నాటి ముచ్చట. చార్లీ బార్నెట్ బ్యాండు జెరోమ్ కెర్న్ పాట ఒకటి రికార్డు చేసింది. అందులో ఫెర్గూసన్ బూర ఆకాశానికి ఎగిరింది. కెర్న్ భార్యకు ఒళ్లు మండింది! మా ఆయన పాటను ఇలా చేస్తారా అని! రికార్డును అంగళ్లలోంచి వెనక్కి తీసుకున్నారు!

ఆ మరుసటి ఏడాది కథ సరిగ్గా తిరగబడింది! స్టాన్ కెంటన్ పెద్ద ఆర్కెస్ట్రా. వరసలో కూర్చున్న కుర్రాడికి 22 ఏళ్లు. ఆ కుర్రాడి కోసమే షార్టీ రోజర్స్ ఒక సంగీతం రాశారు. దానికి పెట్టిన పేరేమిటి? 'మేనార్డ్ ఫెర్గూసన్'! వాయించేవాడి పేరే పాట పేరు! మద్దెల కొట్టే ఆయన పేరు కృతికి పెట్టినట్టు!

సరే, ఇంతటి మనిషి ఆంధ్రకు ఎప్పుడొచ్చారు? 1960ల చివర్లో! పెళ్లాం పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేశారు! ముందుగా దిగింది మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ బడిలో. జిడ్డు కృష్ణమూర్తి 1926లో నెలకొల్పిన బడి అది. అమెరికాలో పత్రిక ఓటింగులో వరసగా మూడేళ్లు మొదటి స్థానం కొట్టిన ట్రంపెట్ వీరుడు, మన చింతచెట్ల కింద పంతులుగారు!

ఇక్కడి నుంచే అసలు మలుపు! మన గాలి పీల్చి ఇంగ్లండు వెళ్లారు. జాజ్ మనిషి పాప్-రాక్ పాటలు పట్టారు! 1970లో సొంత పేరు మీద 'ఎం.ఎఫ్. హార్న్' ఆల్బం. అందులో 'మెకార్థర్ పార్క్'. రెండేళ్ల ముందు రేడియోలో ఊరంతా విన్న పాటే. కానీ ఇక్కడ గాయకుడు లేడు. గొంతు స్థానంలో బూర! ఏడు నిమిషాలు దాటిన ఆ పాప్ పాట ఆయన కచేరీల్లో జనం మరీ మరీ అడిగే పాట అయిపోయింది!

1972లో 'ఎం.ఎఫ్. హార్న్ టూ' వచ్చింది. ఈసారి బీటిల్స్ వాళ్ల 'హే జూడ్'! పెద్దలు ముక్కు విరిచారు. కుర్రాళ్లు ఎగిరి గంతేశారు! కాలేజీ బ్యాండుల్లో బూర ఊదే పిల్లలకు ఈయనే హీరో!

ఇక అసలు బాంబు! 'రాకీ' సినిమా గుర్తుందా? బాక్సరు మెట్లెక్కి చేతులు పైకెత్తుతాడే! ఆ పాటను ఫెర్గూసన్ తన బూరతో మళ్లీ చేశారు. 1977. పాప్ పట్టికలో 28వ స్థానం! పాటలో మాటలు చాలా తక్కువ. మిగతాదంతా ఊపిరే! అప్పటికి ఆయన వయసు 49! కుర్రకారు పాటల మధ్య మన రిషి వ్యాలీ మేష్టారు!

ఆల్బం పేరు 'కాంక్విస్టడార్'. అది ఇంకా పైకి పోయింది. 22వ స్థానం! జాజ్ బూర వాద్యగాడి ఆల్బం పాప్ జాబితాలో అంత ఎత్తుకు ఎక్కడం ఎంత అరుదో జాజ్ వాళ్లని అడగండి. నిట్టూరుస్తారు!

దానికి ఏడాది ముందు ఇంకో ముచ్చట! 1976. మాంట్రియల్ ఒలింపిక్స్ ముగింపు. జ్యోతి ఆరిపోవాలి. స్టేడియం అంతా నిశ్శబ్దం. ఒకే ఒక్క బూర మోగింది. జ్యోతి ఆరింది. ఊదింది ఫెర్గూసనే! సొంత ఊరి ఒలింపిక్స్ దీపాన్ని సంగీతంతో ఆర్పిన మనిషి!

ఉన్న బూరలు చాలలేదట! కొత్తవి చేయించుకున్నారు! ఒకదాని పేరు 'ఫైర్‌బర్డ్'. ఇంకోటి 'సూపర్‌బోన్'. ఇందులో నొక్కే మీటలు 3 ఉంటాయి. దాంతోపాటు ముందుకీ వెనక్కీ జరిగే గొట్టమూ ఉంటుంది! కుడిచేత్తో జరుపు, ఎడమచేత్తో నొక్కు! సైకిలు తొక్కుతూ చపాతీ చేసినట్టు!

మన రుణం మరిచిపోయారా? లేదు! 1998లో ఒక ఆల్బం వచ్చింది. అందులో ఒక పాట పేరు 'మిశ్ర ధేనుక'! అవును, మన ధేనుక రాగమే! 72 మేళకర్తల్లో తొమ్మిదోది. త్యాగయ్య కృతి కట్టిన రాగం. అమెరికా బిగ్ బ్యాండు ట్రంపెట్ గొట్టంలోంచి వచ్చింది!

ఈయన బ్యాండులో పక్కన కూర్చున్నవాళ్లు కూడా ఊరుకోలేదు! 1959లో ఇద్దరు కుర్రాళ్లు ఆ బ్యాండులో ఉన్నారు. పియానో మీద జో జవినుల్. శాక్సఫోన్ మీద వేన్ షార్టర్. తర్వాత ఆ ఇద్దరే కలిసి 'వెదర్ రిపోర్ట్' అనే బ్యాండు పెట్టారు. జాజ్-రాక్ అనగానే ఇవాళ్టికీ ముందు చెప్పే పేరు అదే!

ఇంకొకాయన కథ మరీ ఘాటు! బిల్ చేజ్. ఫెర్గూసన్ వెనక వరసలో బూర ఊదినవాడే. 1971లో సొంత రాక్ బ్యాండు పెట్టారు. రాక్ బ్యాండు అంటే ముందు గిటార్లు ఉండాలి కదా? ఈయన ముందు 4 ట్రంపెట్లు నిలబెట్టారు! మొదటి పాటే అమెరికా పట్టికలో 24వ మెట్టు ఎక్కింది! పాపం, 1974లో విమాన ప్రమాదం ఆయన్ని తీసుకుపోయింది.

పుట్టపర్తి దగ్గరే ఉన్నాం కాబట్టి ఇంకో పేరు చెప్పేస్తా. ఆలిస్ కోల్ట్రేన్! భర్త జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్ మహావీరుడు. ఈమె 1966లో ఆయన బ్యాండులో పక్కన కూర్చుని పియానో వాయించారు. రెండేళ్లకే సొంత పేరుతో మొదటి ఆల్బం! తర్వాత మన సత్యసాయి బాబాకు భక్తురాలయ్యారు. కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టారు. పేరు వినండి: 'సాయి అనంతం'! అనంతపురం జిల్లావాళ్లకు ఉలిక్కిపడే పేరు కదూ! 1983లో మొదలైన ఆ ఆశ్రమంలో సింథసైజర్ మీద భజనలు పాడించారు! క్యాసెట్లుగా వచ్చిన ఆ భజనల కోసం ఇవాళ ప్రపంచమంతా రికార్డుల అంగళ్లు గాలిస్తున్నారు!

పక్కవాయిద్యం అంటే చిన్నచూపు ఎవరికైనా ఉందా? హిందూపురం బస్సెక్కండి. అక్కడి నుంచి 15 కిలోమీటర్లు. లేపాక్షి నాట్యమండపం! నడుమ రంభ ఆడుతోంది. మరి తాళం తప్పకుండా మృదంగం కొడుతున్నది ఎవరు? బ్రహ్మ! సృష్టికర్తే వెనక నిలబడి వాయిస్తున్నాడు! పక్కన తుంబురుడు తంత్రులు మీటుతున్నాడు. నందీశ్వరుడికీ ఒక వాయిద్యం ఇచ్చారు! వెళ్లినవాళ్లంతా రంభకే ఫొటో తీస్తారు, నేనూ అంతే చేశాను.

ఇప్పుడు మద్రాసు స్టూడియోలకు పోదాం! 1944. సినిమా 'శ్రీ సీతారామ జననం'. దర్శకుడు ఘంటసాల బలరామయ్య. రాముడు అక్కినేని, మొదటిసారి హీరో! కోరస్‌లో గొంతు కలిపిన కుర్రాడు ఎవరు? ఘంటసాల వెంకటేశ్వరరావు! గుంపులో ఒకడు! ఆ గొంతే తర్వాత సినిమాతో పని లేకుండా 'పుష్పవిలాపం' రికార్డు ఇచ్చింది. ఊరూరా మైకుల్లో మోగింది!

ఆగండి, అయిపోలేదు! ఆ బలరామయ్యగారి మనవడు ఎవరో తెలుసా? తమన్! అవును, మన తమనే! మొదట వాయించింది డ్రమ్స్. పెద్ద సంగీత దర్శకుల వెనక కూర్చుని వాయించిన కుర్రాడు. 2003లో శంకర్ 'బాయ్స్' తీశారు. అందులో తమన్ నటించారు. పాత్ర ఏమిటి? డ్రమ్మరే! వెనక కూర్చునేవాణ్ని కెమెరా వెతుక్కుంటూ వచ్చింది!

రాజ్-కోటి పాటలకు కీబోర్డు వాయించిన ఒక బక్కపలచటి కుర్రాడి సంగతి? మాటలు తక్కువ. వేళ్లు ఎక్కువ! 11 ఏళ్లకే స్టూడియోల్లో వాయించడం మొదలు. పేరు దిలీప్. ఇప్పుడు లోకమంతా పిలిచే పేరు ఏ.ఆర్. రెహమాన్! 'రోజా'కు ముందే మాల్గుడి శుభతో ఇంగ్లిష్ పాప్ ఆల్బం చేశారు. ఎవరూ పట్టించుకోలేదు! 'రోజా' మోగాక మాత్రం దాన్ని వెతుక్కుని మరీ విన్నారు!

ఆయనే 1997లో మైకు ముందుకొచ్చి నిలబడ్డారు. సినిమా లేదు. హీరో లేడు. ఆల్బం పేరు 'వందేమాతరం'. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్లు. సంగీతం రెహమాన్, గొంతూ రెహమానే! కీబోర్డు వెనక దాక్కున్న కుర్రాడు గొంతెత్తి పాడాడు! టీవీ ముందు మనమంతా నోరు తెరిచాం!

ఇళయరాజా కూడా మొదట పక్కమనిషే! గిటార్ వాయించేవారు. జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడు. 1986లో పాటలు లేని ఆల్బం ఒకటి చేశారు. పేరు 'హౌ టు నేమ్ ఇట్'. దీనికి పేరేం పెట్టాలి అన్నదే పేరు! అంకితం ఇద్దరికి. ఒకరు తిరువయ్యూరు త్యాగయ్య. ఇంకొకరు జర్మనీ బాఖ్!

శివమణి తెలుసుగా? చేతికి ఏది దొరికితే అది డ్రమ్మే! బకెట్టు, సూట్‌కేసు, నీళ్ల డబ్బా! ఎస్పీ బాలసుబ్రహ్మణ్యాన్ని తన గాడ్‌ఫాదర్ అని చెప్పుకుంటారు. వెనక వాయించే మనిషి సొంత ఆల్బం 'మహాలీల' చేశారు. 2019లో పద్మశ్రీ! సూట్‌కేసు వాయించి పద్మశ్రీ కొట్టినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో చూడండి!

అమెరికాలో మన ఎల్లాప్రగడ వారమ్మాయి ఉంది. శ్వేత. కాలిఫోర్నియాలో పుట్టింది. ఇంగ్లిష్ పాప్ పాటలు రాసింది, పాడింది మాత్రం వేరేవాళ్లు! 2014లో 'ఫాల్ అవుట్ బాయ్' రాక్ బ్యాండు పాడిన 'సెంచురీస్' రాసినవాళ్లలో ఈమె ఒకరు. స్టేడియాలు దద్దరిల్లాయి! ఇంతకాలం వేరేవాళ్లకు రాసింది చాలు అనుకుందేమో. బొట్టు పెట్టుకుని, నగలు పెట్టుకుని ముందుకొచ్చింది. రంగస్థలం మీద పేరు 'రాజకుమారి'!

ఇక ప్రపంచం చుట్టి వద్దాం, గబగబా! డేవ్ గ్రోల్. 'నిర్వాణ' బ్యాండు డ్రమ్మర్. 1994 అక్టోబరులో సియాటిల్ స్టూడియోలో దూరారు. డ్రమ్స్ తనే. గిటార్లు తనే. బేస్ తనే. గొంతు తనే! ఒక్క పాటలో ఒక్క గిటార్ ముక్క తప్ప! 6 రోజుల్లో ఆల్బం ఖతం! సిగ్గేసి తన పేరు పెట్టుకోలేదు. గుంపులా వినిపించాలని 'ఫూ ఫైటర్స్' అని పెట్టారు. గుంపు తర్వాత వచ్చింది!

ఫిల్ కాలిన్స్! 'జెనెసిస్' డ్రమ్మర్. 1981లో సొంత ఆల్బం. మొదటి పాటలో డ్రమ్స్ ఏవీ? కాచుకోండి! మూడున్నర నిమిషాలు దాటాక ఒక్కసారి పిడుగు పడుతుంది! డ్రమ్మరే తన డ్రమ్స్‌ను అంతసేపు దాచాడు! మన ఉరుముల వాళ్లు వింటే ఒప్పుకుంటారా? మొదటి అడుగులోనే దరువు వేస్తారు!

షెరిల్ క్రో బడిలో సంగీతం టీచరమ్మ. 1987లో మైకేల్ జాక్సన్ వెనక కోరస్ పాడింది. 1993లో సొంత ఆల్బం వచ్చింది. 1995లో ఒకే రాత్రి 3 గ్రామీలు!

బీటిల్స్ రికార్డు మీద ఇంకొకరి పేరు పడటం చూశారా? 1969లో పడింది! 'గెట్ బ్యాక్' పాట. 'బీటిల్స్, బిల్లీ ప్రెస్టన్‌తో' అని అచ్చేశారు. కీబోర్డు వాయించిన అతిథి ఆయన. నాలుగేళ్లకు సొంత పాటతో అమెరికాలో నంబర్ 1!

చివరిగా మన కొవ్వూరు కీరవాణి దగ్గరికి వద్దాం! చక్రవర్తిగారి దగ్గర సహాయకుడిగా మొదలైన మనిషి. 2023లో ఆస్కార్ వేదిక ఎక్కారు. ఏం చెప్పారు? 'కార్పెంటర్స్' పాటలు వింటూ పెరిగానన్నారు! కొందరు వడ్రంగులు అనుకున్నారు! కాదు, అది అమెరికా అన్నాచెల్లెళ్ల పాప్ బృందం. అన్న రిచర్డ్. చెల్లెలు కరెన్.

ఆ కరెన్ ఎవరో తెలుసా? డ్రమ్మర్! డ్రమ్స్ వెనక కూర్చునే పాడేది. ముందుకు రమ్మంటే బిడియపడేది. 1979లో ధైర్యం చేసి అన్న లేకుండా సొంత పాప్ ఆల్బం రికార్డు చేయడం మొదలుపెట్టింది. పూర్తయింది. కంపెనీ బీరువాలో పెట్టింది! అది బయటికొచ్చింది 1996లో. అప్పటికి కరెన్ చనిపోయి 13 ఏళ్లు!

కీరవాణి మాట ఆ అన్న చెవిన పడింది! రిచర్డ్ పియానో ముందు కూర్చున్నారు. కూతుళ్లను పక్కన నిలబెట్టుకున్నారు. కార్పెంటర్స్ పాత పాటను మన కీరవాణి కోసం, ఆస్కార్ పాట రాసిన చంద్రబోస్ కోసం మాటలు మార్చి పాడి పంపారు! ఆస్కార్ చేతికొచ్చినప్పుడు నిబ్బరంగా నిలబడ్డ మనిషి ఈ వీడియో చూసి ఆగలేకపోయారు. చెంపల మీద నీళ్లు! చెప్పింది తమ్ముడు రాజమౌళే!